పెనుకొండకు కొన్న బూట్లు

కొండెక్కేటప్పుడు వెంట ఏం తీసుకెళ్లాలో నాకు బాగా తెలుసని నమ్మేవాణ్ని. పత్రికలో పనిచేసిన రోజుల్లో ఆదివారం పేజీకి అలాంటి జాబితాలు చాలానే రాశాను. నీళ్లు, టోపీ, టార్చి, చేతికర్ర. అన్నిటికన్నా ముందు మంచి బూట్లు.

ధర్మవరంలో నాకొక స్నేహితుడున్నాడు. పట్టుచీరలు నేసేవాడు. నీటికాసుల వల్ల చూపు తగ్గిపోతోందని, పోయింది ఇక తిరిగి రాదని డాక్టర్లు చెప్పేశారు. ఆ వారమే ఫోన్ చేశాడు.

"ఏమప్పా, బస్సులో పోయినప్పుడల్లా పెనుకొండ కొండను కిందినుంచే చూస్తి. కండ్లుండంగానే ఒకతూరి పైకెక్కి చూడల్ల. పిల్చుకపోతావా?"

హిందూపురం వెళ్లి అతనికోసం మందపాటి అట్ట ఉన్న బూట్లు కొన్నాను. కొండ కింద వాటిని తడిమి చూసి నవ్వాడు.

"ఇవేసుకుంటే కింద ఏముండాదో కాలికెట్ల తెలుస్తాదబ్బా?"

"రాళ్లు గుచ్చుకుంటే మీ ఇంట్లో నన్ను బతకనిస్తారా? ఊరికే ఏసుకో" అని తాళ్లు నేనే బిగించి కట్టాను.

ముప్పై ఏళ్లు గుంట మగ్గంలో కూర్చుని ఒట్టి పాదాలతో కర్రలు తొక్కిన మనిషి. కళ్లు మసకబారాక ఆ పాదాలతోనే దారి చూసుకుంటున్నాడని నాకు తోచలేదు. అడుగడుగునా తడబడ్డాడు. సగం దారిలో బండమీద కూలబడ్డాడు. బూట్లు విప్పితే రెండు మడమలూ బొబ్బలు చిట్లి నెత్తురోడుతున్నాయి. ఇక పైకి నడవలేకపోయాడు. నా భుజం పట్టుకుని మెల్లగా దిగాడు.

"మళ్లొస్తాంలేప్పా, కొండ యాడికి పోతాది" అని నన్నే ఓదార్చాడు.

పుండ్లు మానేసరికి వానలు పట్టుకున్నాయి. ఆ తర్వాత పెళ్లిళ్ల చీరలు, చూపున్నంతలో నేసి ఇవ్వాలని తొందర. ఎండాకాలం వచ్చేసరికి వెలుగేదో చీకటేదో తప్ప అతనికి తెలియడం లేదు.

మొన్న నేనొక్కణ్నే ఎక్కాను. పైనుంచి అతనికి ఫోన్ చేశాను.

"ఏం కనపడుతాందప్పా?"

ఊరు, చెరువు, బెంగళూరు రోడ్డుమీద లారీలు, దూరంగా ఒకదాని వెనక ఒకటిగా కొండలు. అన్నీ తేటగా కనిపిస్తున్నాయి.

"మంచు కమ్మిందబ్బా. ఏం కనపడల్యా" అన్నాను.



"ఈడ బయట కూసుంటే నా వీపు కాలిపోతాంది. ఆడ మంచెట్లొచ్చెనబ్బా? సెప్పు, ఇంటా."

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక లారీలతో మొదలుపెట్టాను.