పదికి మూడు మార్కులు

నేను చదివిన విశ్వవిద్యాలయం సూరత్‌లోనే ఉన్నా, ఊళ్లో ఇల్లున్నవాళ్లు కూడా క్యాంపస్‌లోనే ఉండాలని నియమం. ఆడపిల్లలకు నాలుగు హాస్టళ్లుండేవి. వాటిని హాస్టళ్లు అనేవారు కాదు, హౌస్‌లు అనేవారు. చేరేటప్పుడు ఆ నాలుగింటికీ మన ఇష్టం కొద్దీ ఒకటి, రెండు అని వరస వేసి ఇవ్వాలి. హౌస్ వాళ్లు మనల్ని పిలిచి మాట్లాడి, మార్కులు వేసి, తమ వరస తాము వేస్తారు. రెండూ కలిపి చూసి ఎవరు ఎక్కడో తేలుస్తారు.

నాకు అందరూ కోరుకునే హౌస్ దొరికింది. గ్రంథాలయం ఎదురుగా ఉండేది. మొదటి రోజే నా రూమ్మేట్ పెట్టె సర్దుకుంటూ, "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని హిందీలో మామూలుగా అడిగింది.

"హజీరాలో ఇంజనీరు," అన్నాను. ఇల్లెక్కడంటే, డబ్బున్నవాళ్లుండే ఆల్థాన్ పేరు చెప్పాను.

మా నాన్న పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లులో కార్మికుడు. అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపురాళ్లు అంటిస్తుంది. సూరత్‌లో తెలుగువాళ్లంటే ఎక్కువగా రెండు రకాలు: మగ్గాలూ మిల్లులూ నమ్ముకుని వచ్చినవాళ్లు, హజీరా ఫ్యాక్టరీల్లో పెద్ద ఉద్యోగాలకు వచ్చినవాళ్లు. ఎవరూ బలవంతపెట్టకుండానే నేను రెండో రకంలో చేరిపోయాను. నాన్న చూడటానికి వస్తానంటే, క్లాసులున్నాయని చెప్పి నేనే ఆదివారం ఇంటికి వెళ్లొచ్చేదాన్ని.

మరుసటి ఏడాది కొత్తవాళ్లను ఎంచుకునే ముగ్గురిలో నన్నూ వేశారు. వార్డెన్ మేడమ్, చివరి సంవత్సరం సీనియర్, నేను. ఆ కుర్చీలో కూర్చోవడం నాకు ఎంత గర్వమో చెప్పలేను.

పాండేసరలో మా గల్లీలోనే, మాకు నాలుగిళ్ల అవతల ఒక అమ్మాయి ఉండేది. వాళ్లమ్మా మా అమ్మా పక్కపక్కన కూర్చుని రాళ్లు అంటించేవారు. ఎనిమిదో తరగతి నుంచి లెక్కల పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చేది. ఆమెకూ ఇక్కడ సీటొచ్చిందని అమ్మ ఫోన్లో చెబితే సంతోషించాను. మా హౌస్‌నే మొదట పెడుతుందని మాత్రం అనుకోలేదు.

ఎంపికలు మొదలైన మూడో రోజు ఉదయం ఆమె తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"అక్కా! నువ్వు గూడ ఉన్నవా ఈడ?"

"కూర్చోండి," అన్నాను హిందీలో. "హిందీలో గానీ ఇంగ్లిషులో గానీ మాట్లాడండి."

మేడమ్ నావైపు తిరిగి, "మీకు తెలిసిన అమ్మాయా?" అని అడిగారు.

"కాదు మేడమ్. తెలుగువాళ్లు ఎవరినైనా అక్కా అనే పిలుస్తారు."

ఆ అమ్మాయికి హిందీ నాకంటే బాగా వచ్చు. తలవంచుకుని కుర్చీ చివర కూర్చుంది. మేడమ్ దరఖాస్తు తీసి, ఈ హౌస్ ఎందుకు అన్న ప్రశ్నకు ఆమె రాసిన జవాబు పైకి చదివారు: 'మా గల్లీ నుంచి ఇక్కడికొచ్చిన మొదటి అమ్మాయి ఈ హౌస్‌లో ఉంది. నేనూ ఆమెలా చదువుకోవాలి.'

"ఎవరమ్మా ఆ అమ్మాయి? ఏ సంవత్సరం?"

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది.

"వెళ్లిపోయింది మేడమ్. ఇప్పుడు ఇక్కడ లేదు."

తర్వాతి ప్రశ్నలన్నింటికీ తడబడకుండా జవాబు చెప్పింది. బయటికి వెళ్లాక ముగ్గురం ఎవరి కాగితం మీద వాళ్లం పదికి మార్కులు వేశాం. సీనియర్ ఎనిమిది వేసింది. మేడమ్ ఏడు. నన్ను కాపాడి వెళ్లిన పిల్లకు నేను మూడు వేశాను. పక్కన, 'ఇక్కడి వాతావరణంలో ఇమడటం కష్టం' అని రాశాను. ఆమె ఇక్కడికొస్తే వారం తిరక్కుండా పాండేసర సంగతి అందరికీ తెలిసిపోతుందన్న భయం తప్ప నా మనసులో ఇంకేమీ లేదు.

రెండు మార్కుల తేడాతో ఆమెకు మా హౌస్ తప్పిపోయింది. క్యాంపస్ వెనక, లారీల రోడ్డు పక్కనున్న నాలుగో హౌస్‌లో వేశారు.

ఆ వారం అమ్మ ఫోన్ చేసింది. "నువ్వే మాట్లాడి రూమ్ ఇప్పించినవంట గద బిడ్డా! ఆ పిల్ల గల్లంత చెప్పుకుంటున్నది. వాళ్లమ్మ మనింటికొచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది."

మర్నాడు క్లాసులు మానేసి నాలుగో హౌస్‌కు వెళ్లాను. ఆమె బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. మెట్ల మీద కూర్చున్నాం. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "నీ మార్కులు..." అన్నాను.

"చూసిన అక్కా. అడిగితే ఆఫీసుల చూపిస్తరు. ఎనిమిది, ఏడు, మూడు. పేర్లు లేవు గని, నీ చేతిరాత నాకెర్క లేదా? నాకు లెక్కలు నువ్వే రాసిచ్చినవ్."

"మరి ఇంట్లో అట్ల ఎందుకు చెప్పినవ్?"

"ఇంకేం చెప్పాలె? ఆడపిల్ల బయట ఉండుడేందని మా నాయిన నెల రోజులు లొల్లి పెట్టిండు. అక్క ఉన్నది, చూసుకుంటదని చెప్పి ఒప్పించిన. నన్ను ఎవరో తెల్వదన్నవని తెలిస్తే రేపే వచ్చి తోల్కపోతడు." తడి చేతులు చున్నీకి తుడుచుకుంది. "జర నువ్వు గూడ గట్లనే చెప్పు. గంతే."

క్షమించమని అడగడానికి వెళ్లినదాన్ని, ఆ మాట అడగకుండానే లేచి వచ్చాను. అడిగితే ఆమె సరేనంటుందని తెలుసు. అలా తేలిగ్గా బయటపడటానికి కూడా సిగ్గేసింది.

సాయంత్రం మేడమ్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. నాన్న మిల్లు, పాండేసర, మూడు మార్కులు. ఆవిడ నన్ను తిట్టలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఇక నేను ఎంపికల్లో కూర్చోనక్కర్లేదన్నారు. ఆ అమ్మాయికి సెమిస్టర్ తర్వాత మా హౌస్‌కు మారే అవకాశం ఇచ్చారు. ఆమె వద్దంది. రూమ్మేట్‌కు నిజం చెబితే, "అవునా," అని పప్పు గిన్నె నావైపు జరిపింది. ఏడాదికి పైగా నేను కాపాడుకున్న రహస్యం విలువ అంతే.

నేనూ ఆ గల్లీ అమ్మాయీ చదువులు ముగించి ఉద్యోగాల్లో చేరి చాలా కాలమైంది. ఆమె ఎదురైతే బాగానే మాట్లాడుతుంది, నిలబడి మాట్లాడుతుంది, కూర్చోదు. వాళ్లమ్మ మాత్రం ఇప్పటికీ, నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు ఎవరొచ్చినా నన్ను చూపించి, "మా బిడ్డకు దారి చూపింది ఈమెనే," అంటుంది. కాదని చెప్పాలంటే ఆ అమ్మాయి చెప్పింది అబద్ధమని చెప్పాలి. అందుకని నోరు మూసుకుని, ఆమె పోసిచ్చిన చాయ్ తాగుతాను.