భద్రయ్య విడిచిన బారెడు జాగా

బోయిగూడ భద్రయ్య దృష్టిలో మనుషులు రెండే రకాలు: కారులో వెళ్లేవాళ్లు, కారుకు అడ్డం వచ్చేవాళ్లు. ఆయన ఒక జాగీర్దారు దగ్గర డ్రైవరు. కారు జాగీర్దారుది, జాగీరు నిజాం ఇచ్చినది, ఠీవి మాత్రం పూర్తిగా భద్రయ్యదే. రోడ్డు నడిమధ్యన పోవడం తన హోదా అనీ, పక్కకు జరగడం సైకిలువాళ్ల ధర్మమనీ ఆయన నమ్మకం.

సాయంత్రం లాలాగూడ రైల్వే వర్క్‌షాపు కూత వేయగానే గేటులోంచి సైకిళ్లు గుంపులుగా బయటికొచ్చేవి. ఒకరోజు భద్రయ్య వేగం తగ్గించకుండా, హారను మోగిస్తూ వాటి మధ్యకు దూరాడు. యేసుదాసు అనే ఫిట్టరు తప్పుకోబోయి సైకిలుతో సహా పక్కనున్న మురుగు మోరీలో పడ్డాడు.

"జెర జాగ ఇడిస్తే నీ సొమ్మేం పోతుండె అన్నా?" అని అరిచాడు, బురద తుడుచుకుంటూ.

"సైకిలోనికి జాగెందుకురా? అంచుకు తొక్కు!" అన్నాడు భద్రయ్య, కారు ఆపకుండానే. వెనక సీట్లో జాగీర్దారు నిద్ర చెడలేదు.

తర్వాత పోలీసు చర్య జరిగి నిజాం పాలన పోయింది. మరికొన్నాళ్లకు జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారు కారు అమ్మేసి, భద్రయ్య చేతిలో ఒక పాత శాలువా పెట్టి సాగనంపాడు. నిన్నటిదాకా వంగి సలాములు కొట్టినవాళ్లు నమస్తేలు నేర్చుకున్నారు. భద్రయ్య సైకిలు నేర్చుకున్నాడు.

నేర్చుకున్న మర్నాటికే ఆయనకు సామాన్యుడి కష్టాలన్నీ కంఠతా వచ్చేశాయి. "రోడ్డేమన్న కార్లోళ్ల అబ్బ సొమ్మా? ఇప్పుడు మన రాజ్యం!" అంటూ నడిమధ్యనే తొక్కేవాడు. చీకటి పడినా దీపం వెలిగించేవాడు కాదు. భార్య ఎల్లమ్మ "జెర పక్కపొంటి పోరాదు?" అంటే, "కారు నడిపినోణ్ని, నాకే చెప్తవా?" అని కసిరేవాడు.

ఒక సాయంత్రం చెయ్యి చూపకుండా కుడికి తిరిగాడు. వెనక నుంచి వస్తున్న టాక్సీ హ్యాండిలుకు తగిలింది. టాక్సీవాడు ఆగలేదు. భద్రయ్య మణికట్టు విరిగింది. అటుగా వస్తున్న యేసుదాసే ఆయనను లేపి, తన క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని దవాఖానాకు తీసుకెళ్లాడు.

"నన్ను గుర్తువట్టినవా అన్నా? నీ కారుకు జరగబోయి మోరీల వడ్డ."

భద్రయ్యకు మోరీలో పడ్డవాళ్లు చాలామంది గుర్తొచ్చారు. వాళ్లలో ఇతనెవరో తేలలేదు. "మళ్ల స్టీరింగు వడితే మీకు బారెడు జాగ ఇడుస్త, నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు. ఏడ్చాడు కూడా. నొప్పి అటువంటిది.

చెయ్యి అతుక్కుంది. కొత్త ప్రభుత్వపు అధికారి ఒకాయన దగ్గర మళ్లీ డ్రైవరు కొలువు దొరికింది. భద్రయ్య కారెక్కాడు, ఒట్టు కిందనే ఉండిపోయింది. మొదటి రోజే లాలాగూడ గేటు దగ్గర హారను మోగిస్తూ సైకిళ్ల మధ్యకు పోనిచ్చాడు. ఈసారి సైకిళ్లు జరగలేదు. యేసుదాసు దిగి, తన సైకిలు కారుకు అడ్డంగా నిలిపాడు. అతని వెనక వర్క్‌షాపు వాళ్లంతా నిలబడ్డారు.

"బారెడు అంటివి గద అన్నా. ఏదీ?"

భద్రయ్య హారను మీంచి చెయ్యి తీశాడు. వెనక సీట్లోంచి అధికారి మెడ సాచి గుంపును చూశాడు. వెంటనే ఆయనలో ప్రజాస్వామ్యం మేల్కొంది. "డ్రైవర్, నెమ్మదిగా పోనీ. రోడ్డు అందరిదీ కదా!" అన్నాడు.

సైకిళ్లు ముందు, కారు వెనక, నత్తనడక నడిచాయి. ఇంటికొచ్చి భద్రయ్య, "పాపం పోనీ అని నేనే జాగ ఇడిచిన" అని ఎల్లమ్మతో చెప్పుకున్నాడు. ఆమె నమ్మినట్టే తలూపి అన్నం వడ్డించింది.

ఆ గేటు దగ్గర ఆయన మళ్లీ ఎన్నడూ తొందరపడలేదు. బోయిగూడ సందుల్లో సైకిలువాడు ఒంటరిగా ఎదురైతే మాత్రం, ఆ మర్యాద అక్కడిదాకా వర్తించేది కాదు.