గడప ముందు తొమ్మిది చుక్కలు

దయ్యాలంటే నాకు నవ్వే తప్ప నమ్మకం లేదు. మా ఇంటి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టడం మాన్పించింది కూడా నేనే. పోలీసులు తెచ్చిన ఫోన్లలోంచి చెరిపేసిన మెసేజీలు, ఫోటోలు, వీడియోలు తిరిగి తీయడం నా ఉద్యోగం. చెన్నైలో ఒక ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా ఇదే పని. రుజువు లేనిది రిపోర్టులో రాయను, ఇంట్లోనూ మాట్లాడను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

పోయినేడాది దేవి అనే అమ్మాయి ఫోన్ మా దగ్గరకు వచ్చింది. కోడంబాక్కంలో సినిమావాళ్లకు బట్టలు కుట్టే చోట పనిచేసేది. వ్యాసర్పాడిలో తల్లితో అద్దెకుంటున్న ఇంటి మిద్దె మీద నుంచి ఒక సాయంత్రం పడి చనిపోయింది. దూకేసిందనే అందరూ అనుకున్నారు. వీధిలోవాళ్లు దానికో ప్రేమకథ కూడా అల్లారు. ఫోన్ మాత్రం మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన దొరికింది.

దానికి ప్యాటర్న్ లాక్ ఉంది. తొమ్మిది చుక్కల మీద వేలితో సరైన గీత గీస్తేనే తెరుచుకుంటుంది. మా పరికరాలేవీ పనిచేయలేదు. ఇలాంటి కొత్త ఫోన్లలో చిప్ ఊడదీసి చదవబోయినా లాభం ఉండదు, లాక్ తీయందే అందులోది అర్థం కాదు. పైగా స్టేషన్‌లో కానిస్టేబుళ్లు తలా ఒక చెయ్యి వేసి ఇష్టమొచ్చిన గీతలు గీశారు. ముట్టుకోవద్దని ఎంత మొత్తుకున్నా వినరు. నా చేతికొచ్చేసరికి స్క్రీన్ మీద హెచ్చరిక ఉంది. ఇంకొక్కసారి తప్పు గీస్తే లోపలున్నదంతా చెరిగిపోతుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

దేవి తల్లి నాగమ్మ వచ్చి మా ఆఫీసు మెట్ల మీద కూర్చునేది. నన్ను చూడగానే లేచి నిలబడేది.

"నా బిడ్డ అట్టాంటిది కాదమ్మా," అంది ఒకరోజు. "ఫ్రెండు పెండ్లికని రైక కుట్టుకుంటా ఉండింది. ఆ పొద్దున నేను దాన్ని తిట్టినా. నా మీద కోపంతోనే పోయిందా ఏందా అని నాకు నిద్ర లేదు. ఆడ ఏముందో చూసి చెప్పమ్మా, చాలు."

ఆత్మహత్యగా రాసి కేసు మూసేస్తున్నామని ఇన్‌స్పెక్టర్ అప్పటికే చెప్పాడు.

మర్నాడు పొద్దున పాలప్యాకెట్ కోసం తలుపు తీశాను. మాది పై అంతస్తులో ఫ్లాటు. రోజూ ముగ్గు వేసే ఓపిక లేక గడప ముందు ముగ్గు స్టిక్కర్ అంటించి ఊరుకున్నాను. ఆ స్టిక్కర్ పక్కన బియ్యప్పిండితో ముగ్గు వేసి ఉంది. మూడు వరసల్లో తొమ్మిది చుక్కలు. మెలికల ముగ్గులో గీత చుక్కల చుట్టూ తిరగాలి. ఇక్కడ గీత చుక్కల మీదుగానే పోయింది. రెండు చుక్కలను అసలు తాకలేదు. ఒక చివర పిండి దట్టంగా పడింది, రెండో చివరకు వచ్చేసరికి పలచబడింది.

దేన్నైనా ముట్టుకునే ముందు ఫోటో తీయడం నా వృత్తి అలవాటు. తీశాను. ఇల్లు ఊడ్చే సెల్విని అడిగితే "నాన్ పోడలక్కా," అంది, తను వేయలేదని. ఎదురింటివాళ్లు ఊళ్లో లేరు. పైకి ఎవరూ రాలేదని వాచ్‌మన్ అన్నాడు. మా ఆయన "కాఫీ ఇస్తావా, ముందు నన్ను కూడా విచారిస్తావా?" అని ఆటపట్టించాడు. వేరే రోజైతే నేనూ నవ్వేదాన్నే.

ల్యాబ్‌లో ఆ ఫోటోను దేవి ఫోన్ లాక్ మీది తొమ్మిది చుక్కల పక్కన పెట్టి చూశాను. చివరికి ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేసి, ఒక గీత గీసి చూస్తాను, తప్పితే అంతా పోతుంది అని చెప్పాను. ఎలాగూ మూసేసే కేసే కదా, గీయండి అన్నాడు. రాతలో పంపమన్నాను, పంపాడు. కానిస్టేబుళ్లను తిట్టిన నోరే ఇది. పిండి దట్టంగా ఉన్న చివర నుంచి పలచబడిన చివర దాకా గీశాను.

ఫోన్ తెరుచుకుంది.

లోపల ఒక వీడియో పాడైపోయి ఉంది. బ్యాటరీ అయిపోయేదాకా రికార్డయి ఆగిపోయింది. తంటాలు పడి బాగుచేశాను. దేవి ఫోన్‌ను ట్యాంకుకు ఆనించి, కొత్త రైకను ఎవరికో చూపించడానికన్నట్టు కెమెరా ముందు పట్టుకుని నవ్వుతోంది. గాలికి రైక ఎగిరి పిట్టగోడ అవతల కమ్మీకి తగులుకుంది. అందుకోవడానికి వంగింది. ఆ తర్వాత చీకటి పడేదాకా ఖాళీ మిద్దె.

ఆత్మహత్య కాదు, ప్రమాదమని కేసు మార్చి రాశారు. ఇన్‌స్పెక్టర్ ఒప్పుకున్నాక, నవ్వుతున్న ముక్క మాత్రం నాగమ్మకు చూపించాను.

"కోపంగా లేదు కదమ్మా," అంటూ స్క్రీన్ మీద చెయ్యి పెట్టింది. నాకూ ఏడుపొచ్చింది.

ఆమె వెళ్లబోతుంటే ఉండబట్టలేక అడిగాను, దేవి ముగ్గులు వేసేదా అని.

"ముగ్గా? దానికి యాడొస్తాదమ్మా," అని నవ్వింది. ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను. "చుక్కలు పెట్టి, చుక్కల మీదనే గీసేది. చుట్టూ తిప్పవే అని ఎన్నిసార్లు చెప్పినా ఇనలేదు. నా చెయ్యి అట్టనే పోతాదమ్మా, అనేది."

రిపోర్టులో, ప్యాటర్న్ ఎలా తెలిసిందో రాయాల్సిన చోట, 'ప్రయత్నించగా తెరుచుకుంది' అని రాశాను. అంతకు మించి నాకు ఈనాటికీ తెలియదు. ఆ ఫోటో ఇంకా నా దగ్గరే ఉంది. ఎన్నిసార్లు పెద్దది చేసి చూసినా, అది బియ్యప్పిండే.