జపాన్ పూలు

లాల్‌బాగ్ పూల ప్రదర్శనలో ఊదారంగు ఐరిస్‌లు చూస్తే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, బెంగళూరు కాటన్‌పేటలో మా నాయన ఎక్కడెక్కడి దుంపలో తెచ్చి పెరట్లో జపాన్ ఐరిస్‌లు పెంచేవాడు. పక్కింటి రంగమ్మత్త కొడుకు బర్మా యుద్ధంలో చనిపోయినాడని తంతి వచ్చింది. ఆ సాయంత్రం ఆమె కొడవలితో మా పెరట్లోకి దూసుకొచ్చింది.

"నా బిడ్డను తిన్న జపానోళ్ళ పూలు ఇంకా ఉండాయా!" అని అరుస్తూ పూలమడిని తెగనరికింది. కొడవలి తెగి ఆమె చేతి రక్తం బురదలో కారింది. అత్త కొడుకును చంపింది ఆ పూలేననుకున్నాను నేను.

అడ్డం పోబోయిన అమ్మను నాయన పట్టుకున్నాడు.

"నరకనీ. ఆయమ్మ చేతికి అందేటివి ఇవే."

అత్త కూలబడినాక, తన కండువా చించి ఆమె చేతికి కట్టు కట్టినాడు. ఆయన మొహం ఎట్లుండిందో చూడాలని ఆ వయసులో నాకు తోచలేదు.