మోకాలికి వాతలు, తుంటిలో జబ్బు

మోతె దగ్గర వాగు దాటాక, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను ఎత్తుకొని లేవబోయాను. కుడి మోకాలు పట్టేసింది. అడుగు పడలేదు. వారం తిరిగితే మందను మఠంపల్లి వైపు, కృష్ణ ఒడ్డుకు తోలుకుపోవాలి. ఏటా నేనే తోలేవాణ్ని. ఆ ఏడు కుంటుకుంటూనే పోయివచ్చాను.

నేను బడికి పోలేదు. గొర్రెలు కాస్తూ అక్షరాలు నేర్చుకొని, సూర్యాపేట గ్రంథాలయంలోని వైద్యం పుస్తకాలన్నీ చదివాను. మోకాలి నొప్పి వాతమని వాటిలో ఉంది. ఆముదం కాచి రుద్దాను. తగ్గలేదు. చెప్పు తొడుక్కోవడానికి వంగలేకపోయాను. మావాళ్లు కుంటే గొర్రెకు కొడవలి కాల్చి వాత పెడతారు. మనిషికీ వాత పెట్టొచ్చని పుస్తకంలో చూపించి మా తమ్ముణ్ని ఒప్పించి, నా మోకాలికీ మూడు వాతలు పెట్టించుకున్నాను. చీము పట్టి నెల రోజులు మంచం దిగలేదు.

సూర్యాపేట దవాఖానలో మోకాలికి రుద్దుకోమని లినిమెంట్ ఇచ్చారు. మిర్యాలగూడ డాక్టరూ మోకాలే నొక్కి చూసి పంపాడు. తర్వాత గొడవల్లో బస్సులు నిలిచిపోయాయి. నలభై ఎనిమిదిలో పోలీస్ యాక్షన్ అయ్యాకే కోదాడలో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లగలిగాను. ఆయన నన్ను పడుకోబెట్టి, కాలు మడిచి లోపలికి తిప్పాడు. గజ్జలో ప్రాణం పోయినంత పనైంది.

"జబ్బు మోకాల్లో లేదయ్యా, తుంటికీల్లో ఉంది. అక్కడి నొప్పే మోకాలికి దిగుతోంది. ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. ఈ వాతలు ఎవరు పెట్టారు?"

పుస్తకం సంగతి చెప్పాను. ఆయన బెజవాడ పంపి ఎక్స్‌రే తీయించాడు. కీలు అరిగిపోయి ఎముకల మధ్య ఉండాల్సిన సందు లేదట. ఆస్పిరిన్, వేడి కాపడం, ఎడమ చేతిలో కర్ర. అంతకుమించి తన దగ్గర మందు లేదన్నాడు. మంద వెంట నడవగలనా అని అడిగాను.

"నాలుగడుగులకోసారి కూర్చోవాలి నువ్వు. గొర్రెలు ఆగుతాయా?"

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను.

"గన్ని పుస్తకాలు సదివినవ్, ఒక్కదాంట్ల గూడ తుంటి ముచ్చట లేదా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇగ మందను తమ్మునికి అప్పజెప్పు. నువ్వు దారిల పడిపోతే నేనేం జెయ్యాలె?" అంది.

అప్పజెప్పాను. ఇప్పుడు కింద కూర్చుంటే లేవలేను, ఎత్తరుగు మీదే నా రోజంతా. ఆస్పిరిన్‌తో ఒక పూట గడుస్తుంది. పుస్తకం తెరవబుద్ధి కాదు. ఈ ఏడు మంద కృష్ణ ఒడ్డు నుంచి తిరిగొచ్చినప్పుడు కేక వేశాను. ఒక్క గొర్రె కూడా తల తిప్పలేదు. వాటికిప్పుడు తమ్ముడి గొంతే తెలుసు.

మోకాలు నొచ్చేవాళ్లకు ఒక్క మాట. డాక్టరు మోకాలే చూసి వదిలేస్తే, తుంటి కూడా తిప్పి చూడమని అడగండి. రెండేళ్లు నేను అడగలేదు. నాకు తెలుసనుకున్నాను.