నీళ్లలో నీడకు కాళ్లు

పోయిన ఆదివారం మనవరాలిని వెంటబెట్టుకుని విన్నిపెగ్‌లో పాత విమానాల మ్యూజియానికి వెళ్లాను. పడవలాంటి పొట్టతో, రెక్కలకు రెండు ఇంజన్లతో ఉన్న ఒక విమానంలోకి వంగి అడుగుపెట్టగానే, యాభై ఏళ్ల కిందట ఒకరోజు వినపడకుండా పోయిన మాట కోసం నా చెవులు మళ్లీ ఎదురుచూడసాగాయి.

నేలమీదా నీటిమీదా దిగే ఇలాంటి విమానానికే, ఈ దేశం వచ్చిన కొత్తలో, నేను మెకానిక్‌ని. ఉత్తరాన రోడ్లు లేని సరస్సుల ఊళ్లకు మనుషుల్ని చేరవేసేవాళ్లం. మా పైలట్ పెద్దాయన నీటిమీద దిగబోయే ప్రతిసారీ పక్క కిటికీలోంచి చూసి, “నీళ్లు. చక్రాలు పైనే,” అని బిగ్గరగా అనేవాడు. రన్‌వే మీంచి లేచాక మడవడం మరిచి, దించిన చక్రాలతోనే నీటిని తాకితే విమానం ముక్కు మునిగి బోల్తాపడుతుందని నాకూ తెలుసు. అయితే చూసుకుంటే చాలదా, పైకి అనడమెందుకు? సభలెక్కి మంత్రాలనూ ముహూర్తాలనూ దులిపేసి వచ్చిన వయసు నాది. ఒకరోజు రన్‌వే మీద, ఈ మంత్రం ఎవరికి చెబుతున్నారు, సరస్సుకా అని వెక్కిరించాను. ఆయన నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ మధ్యాహ్నం సరస్సు అల లేకుండా పడి ఉంది. దిగుతున్నాం. ఆ ఊళ్లలో వైద్యం చూడ్డానికి వారం వారం మాతో వచ్చే నర్సమ్మ అల్లిక ఆపి నావైపు తిరిగింది.

“ఇవాళ ఆయన అనలేదేం?”

కిటికీలోంచి చూశాను. నీళ్లలోంచి మా నీడ మాకెదురొస్తోంది. దానికి రెండు కాళ్లు వేలాడుతున్నాయి. దయ్యాల కాళ్లు వెనక్కి ఉంటాయంటే పడీపడీ నవ్వినవాణ్ణి, ఆ కాళ్లకు కళ్లప్పగించి ఉండిపోయాను. “చక్రాలు!” అని అరిచింది ఆవిడే. ఆయన విమానాన్ని పైకి లాగాడు; నీడ కాళ్లు అలాగే వేలాడేసుకుని లోతుకు దిగిపోయింది.

రెండోసారి దిగేటప్పుడు ఆయన ఆ మాట అన్నాడు, వెనక మేమిద్దరమూ అన్నాం. నేను మంత్రాలను నమ్మేవాణ్ణేమీ కాలేదు, ఇప్పటికీ కాను. మంత్రాన్ని ఎందుకని అడగనివ్వరు. ఈ మాట మానేస్తే ఎందుకు మానేశావని ఎవరైనా అడగొచ్చు. అప్పటిదాకా ఎన్ని వాదాల్లో గెలిచినా నాకీ తేడా తెలియలేదు.

ఇప్పుడు బెల్టు పెట్టుకోకపోతే కారే కూస్తుంది. మంచిదే. కానీ పక్క మనిషి మాట కోసం చెవి ఒగ్గే అలవాటు మనకు తప్పిపోయింది.

మ్యూజియం విమానంలో ఆ ఖాళీ సీట్ల మధ్య నిలబడి, “నేల. చక్రాలు కిందే,” అని గొణిగాను.

“హూ ఆర్ యూ టాకింగ్ టు, తాతా?” అంది మనవరాలు. నేనాయన్ని అడిగిన ప్రశ్నే.

నీకేనమ్మా అని చెప్పేసరికి, తను ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంది.