మైకు మౌనవ్రతం

చేపల మార్కెట్లో వేలం పాడేవాడికి గొంతే పెట్టుబడి. ఆ పెట్టుబడి మన పెద్దమనిషికి దండిగా ఉండేది. ఐసు పెట్టెల మధ్య నిలబడి ఒక్క కేక వేశాడంటే, వీధి చివర టీ కొట్టువాడికి కూడా ఆనాటి చేపల రేటు తెలిసిపోవాల్సిందే. అందుకే ఆయన్ని అందరూ మైకు అనేవారు. అసలు పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు.

ఆయన భార్య కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తుంది. రోజంతా చీమ తలకాయంత స్క్రూలతో పని. మాటలు కూడా అంత పొదుపుగానే వాడుతుంది. షాపు యజమాని ఇచ్చిన పాత బైనాక్యులర్లు మెడలో వేసుకుని, ఆదివారం తెల్లారితే చాలు, ఊరి బయట చిత్తడి నేలల్లో ఉన్న పక్షుల అభయారణ్యానికి వెళ్ళిపోతుంది.

మైకు మార్కెట్ పని మానేశాక ఆ ఆదివారాలు ఆయనకు గుదిబండలయ్యాయి. టీవీతో ఎంతసేపని పోట్లాడతాడు? ఆవిడ లేని ఇల్లు బావురుమంటోంది. ఆ మాట ఒప్పుకోవడానికి మగమహారాజుకి నామోషీ. చివరికి ఒక శనివారం నామోషీ గంగలో కలిపేసి, "నన్నూ తీసుకెళ్ళవే," అని బతిమాలాడు.

"మీరా? మీరు దగ్గితే పక్క ఊరి పిట్టలు కూడా లేచిపోతాయి!"

"ఒట్టు. నోరు విప్పితే అడుగు."

"విప్పారో, ఇక జన్మలో రానివ్వను."

మర్నాడు ఇద్దరూ అభయారణ్యానికి వెళ్ళి, నీటి ఒడ్డున, పిట్టలకు మనుషులు కనబడకుండా కట్టిన చెక్క గదిలో చేరారు. గోడలకు సన్నటి కిటికీలు. ఆవిడ ఎదుటి కిటికీ దగ్గర కూర్చుంది. మైకుకి నీళ్ళలో ఏపుగా పెరిగిన జమ్ము గడ్డి దుబ్బుల వైపున్న పక్క కిటికీ దక్కింది. గోడమీద పక్షుల బొమ్మల్లో ఒకదాన్ని చూపించి ఆవిడ గుసగుసగా చెప్పింది: "జమ్ముకొంగ. మూడు శీతాకాలాలుగా దీనికోసమే తిరుగుతున్నాను. ఒక్కసారీ కనబడలేదు."

పాపం, మైకు కష్టం పగవాడికి కూడా వద్దు. నాలుక దురద పెడుతోంది. అయినా బిగబట్టాడు.

అంతలో జమ్ము కదిలింది. చారల మెడ ఒకటి బయటికొచ్చింది. మైకు బొమ్మను చూశాడు, పిట్టను చూశాడు, మళ్ళీ బొమ్మను చూశాడు. ఓరి నాయనో, అదే! అరిస్తే పిట్ట పోతుంది, ఆదివారాలూ పోతాయి. ఊరుకుంటే ఆవిడ మూడేళ్ళ ఆశ పోతుంది. చెయ్యి ఊపాడు. ఆవిడ తన కిటికీలోంచే చూస్తోంది. కొంగు పట్టుకు లాగాడు. ఆవిడ బైనాక్యులర్లు దించకుండానే ఆయన చేతిమీద ఒక్కటిచ్చి, "ఉష్!" అంది. ఈలోగా జమ్ముకొంగ ఒక చేపను మింగి, నింపాదిగా దుబ్బులో కలిసిపోయింది.

తిరిగి వస్తూ గట్టుమీద నోరు విప్పాడు. సంగతంతా విని ఆవిడ నిలువునా నీరుగారిపోయింది.

"పిలవచ్చుగా!"

"నోరు విప్పొద్దన్నావు. లాగితే కొట్టావు. ఇంకేం చెయ్యనే?"

ఆవిడ తన చేతివంక చూసుకుంది. గట్టుమీదే కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయిపోయింది, ఇక ఆదివారాలకు నీళ్ళొదులుకోవాల్సిందే అనుకున్నాడు మైకు.

"ఎలా ఉంది ఆ పిట్ట?" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుని.

"ఒళ్ళంతా ఎండు జమ్ము రంగు. మెడ మీద పైనుంచి కిందికి చారలు. మన అలికిడి విందేమో, ముక్కు ఆకాశానికెత్తి కర్రలా నిలబడిపోయింది. గాలికి జమ్ము ఇటూగితే అదీ ఇటే, అటూగితే అటే, దొంగముండ! చేపను తలవైపు నుంచి మింగింది. అది గొంతులోంచి దిగుతుంటే బయటికి తెలుస్తోంది."

ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది. పెదవి మీద చిన్న నవ్వు.

"ఇంతకీ, వచ్చే ఆదివారం..." అని నసిగాడు మైకు.

"అదీ అడగాలా? ముందు మెడ దగ్గర్నించి మళ్ళీ చెప్పండి. నెమ్మదిగా కాదు, మీ మార్కెట్ గొంతుతో చెప్పండి."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఆయన్ని గట్టిగా మాట్లాడమనడం అదే మొదలు. మైకు గొంతు సవరించుకున్నాడు. ఐసు పెట్టెల మధ్య నిలబడ్డట్టే గట్టుమీద నిలబడి, మెడ దగ్గర్నించి మొదలుపెట్టాడు.